ఇల్లు ముందు, సైకిలు వెనక

అమెరికా వెళ్ళి వచ్చానని తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "నయాగరా చూశారా?" అని. నేను చూడలేదు. న్యూయార్కూ చూడలేదు. కాని పడమటి సముద్రం ఒడ్డు నుంచి తూర్పు సముద్రం ఒడ్డు దాకా ఆ దేశాన్ని అడ్డంగా దాటాను. చక్రాల మీద నడిచే ఇంట్లో, రెండు నెలల పాటు, వంట చేసుకుంటూ, అంట్లు తోముకుంటూ దాటాను. మా ఇంటికి ముప్పై, నలభై కిలోమీటర్లు వెనకగా మా అమ్మాయి సైకిలు తొక్కుకుంటూ వచ్చేది. ఆమె వచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉండాలి. అదే నా ఉద్యోగం.

మాది బళ్ళారి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం అటు పోగా మా ఊరు మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం పుట్టాను నేను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో రెండూను. మా వారు పత్తి మార్కెట్టులో గుమాస్తా. ఆయనకు ఉన్న ఆస్తి అల్లా ఒక అట్లాస్ సైకిలు, దానికి ఒక ఇత్తడి గంట. ఆదివారం మార్కెట్టు మూసి ఉంటుంది గనక ఆ ఖాళీ స్థలంలో మా అమ్మాయికి సైకిలు నేర్పాడు. "ఆడపిల్లకు ఇదెందుకు?" అని నేను అంటూనే ఉన్నాను, వాళ్ళిద్దరూ వినకుండానే ఉన్నారు.

1996లో మా అమ్మాయికి పదహారేళ్ళు. బడిపిల్లల సైకిలు పందెంలో మొదటి స్థానం వచ్చింది. బిజాపూరులో శిక్షణకు పంపమని ఒక మాస్టరు ఇంటికి వచ్చి అడిగాడు. కర్ణాటకలో సైకిలు పందేలకు బిజాపూరు పేరుపడ్డ ఊరు. మా వారు సరే అన్నారు. నేను మాత్రం వీల్లేదన్నాను. పెళ్ళి కావలసిన పిల్ల, నిక్కరు వేసుకుని రోడ్ల మీద తిరిగితే నలుగురూ ఏమంటారని నా భయం. మా వారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పిల్ల ఒక్క మాటా అనలేదు. ఆ మరునాటి నుంచి సైకిలు ముట్టుకోవడం మానేసింది. అంతే.

చదువు, ఉద్యోగం, పెళ్ళి, అమెరికా అన్నీ వరుసగా జరిగాయి. ముప్పై ఎనిమిదో ఏట మళ్ళీ సైకిలెక్కింది. 2021లో మా వారు పోయినప్పుడు విమానాల రాకపోకలు సరిగా లేక ఆమె రాలేకపోయింది. ఫోనులోనే చూసి ఏడ్చింది. ఆ తరువాత వచ్చినప్పుడు వాళ్ళ నాయన సైకిలు గంట విప్పుకుని తీసుకుపోయింది. 2024లో ఫోను చేసి, "మా, అమెరికా ఈ చివరి నుంచి ఆ చివరికి తొక్కుతా. నువ్వు వంటకు వస్తావా?" అని అడిగింది. ఏమనుకున్నానో తెలియదు గాని, "వస్తా పాపా" అని అనేశాను.

ఈ సైకిలు దారికి ఒక చరిత్ర ఉంది. 1976లో అమెరికా స్వతంత్ర దేశమై రెండు వందల సంవత్సరాలు నిండిన సందర్భంలో కొందరు సైకిలు ప్రియులు చిన్న చిన్న ఊళ్ళ గుండా, రద్దీ తక్కువ ఉన్న రోడ్లు కలిపి ఒక దారి గుర్తించారు. ఆ వేసవిలో నాలుగు వేల మందికి పైగా దాని మీద తొక్కారట. ఆరెగాన్ రాష్ట్రంలోని అస్టోరియాలో మొదలై వర్జీనియాలోని యార్క్‌టౌనులో ముగుస్తుంది. పొడవు సుమారు 4,200 మైళ్ళు, అంటే 6,700 కిలోమీటర్ల పైచిలుకు. బయలుదేరేటప్పుడు వెనక చక్రాన్ని పసిఫిక్ నీటిలో ముంచాలి, చేరాక ముందు చక్రాన్ని అట్లాంటిక్ నీటిలో ముంచాలి. ఇది వాళ్ళ ఆచారం. మనం పుష్కరాలకు మునిగినట్టే!

ఇక మా ఇంటి సంగతి. దాన్ని అక్కడ ఆర్.వి. అంటారు. ఒక చిన్న లారీ మీద పాతికడుగుల పెట్టె కట్టి అందులో మంచాలు, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాల గది అన్నీ అమర్చారు. మా అల్లుడు కాలేజీలో పాఠాలు చెబుతాడు, వేసవి సెలవులు గనక బండి నడిపే పని ఆయనది. పదకొండేళ్ళ మనవడు, నేను. లీటరు పెట్రోలుకు నాలుగు కిలోమీటర్లు కూడా సరిగా నడవని బండి. నీళ్ళ తొట్టిలో నూట యాభై లీటర్లు పడతాయి. అంట్ల నీళ్ళకొక తొట్టి, మరుగుదొడ్డికొక తొట్టి అడుగున ఉంటాయి. అవి నిండితే వాటికోసం ఏర్పాటైన చోటికి వెళ్ళి లావుపాటి గొట్టం తగిలించి వదిలి రావాలి. మొదటిసారి మా అల్లుడు గొట్టం సరిగా బిగించక జరిగిన కథ ఈ పత్రిక భోజనం ముందు చదివేవాళ్ళుంటారు గనక రాయను. బళ్ళారిలో కుళాయి రాని రోజులు చూసినదాన్ని గనక నీళ్ళ పొదుపు మాత్రం వాళ్ళకు నేనే నేర్పాను.

మొదటి రోజే తిరగమాత పెట్టేసరికి పైకప్పుకున్న పొగ గంట చెవులు చిల్లులు పడేలా కూసింది. మనవడు తువ్వాలు పట్టుకుని దాని కింద విసరడం, నేను ఆవాలు వేయడం, ఇలా రెండు నెలలు గడిచాయి.

చాలామంది అనుకున్నట్టు బండి సైకిలు వెనకే మెల్లగా నడవకూడదు. వెనక వచ్చే లారీలకు అది ప్రమాదం. మేము ముందుకు పోయి రోడ్డు పక్కన వెడల్పైన జాగా చూసుకుని ఆగేవాళ్ళం. తెల్లవారుజామున అయిదింటికి అమ్మాయి బయలుదేరేది. రెండు గంటల తరువాత ఒక చోట, మరి రెండు గంటలకు మరో చోట కలిసేవాళ్ళం. దోసె చుట్టి ఇవ్వడం, పులిహోర ముద్దలు, ఉప్పు వేసిన మజ్జిగ, వేరుశనగ చిక్కీ, అరటిపండు. ఎండలో గంటల తరబడి తొక్కేవాళ్ళకు నీళ్ళొక్కటే ఇస్తే చాలదట, ఒంట్లోంచి చెమటతో పోయే ఉప్పూ తిరిగి చేరాలట. ఆ సంగతి మన పొలాల్లో పనిచేసేవాళ్ళకు ఎప్పుడో తెలుసు. దూరాన మలుపులో మా వారి ఇత్తడి గంట మోగేది. కొత్త సైకిలు హ్యాండిలు లావుగా ఉంటే అల్లుడు ఏదో చిన్న కమ్మీ బిగించి దానికి తగిలించాడు. గంట వినగానే మనవడు సీసాలు పట్టుకుని పరుగెత్తేవాడు.

జూను నెలలో ఆరెగాన్, ఐడహో, మోంటానా దాటి యెల్లోస్టోన్ చేరాం. అక్కడ భూమిలోంచి వేడినీళ్ళు ఆకాశానికి చిమ్ముతాయి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనేది సుమారు గంటన్నరకొకసారి ఎగుస్తుంది. గుంపులో నిలబడి చూశాం. దానికంటె నాకు గుర్తుండిపోయింది రోడ్డుకు అడ్డంగా నిలబడిన అడవిదున్న. మా అమ్మాయి సైకిలు దిగి దూరంగా నిలబడింది, వెనక కార్లన్నీ ఆగాయి, అది మాత్రం కదలలేదు. బెంగుళూరు రోడ్డు మధ్య పడుకునే ఆవుకున్న ధీమాయే దానికీ ఉంది.

వ్యోమింగ్ రాష్ట్రం దాదాపు అంతా గాలీ, గడ్డీ. అందులో జెఫ్రీ సిటీ అని ఒక ఊరు. పేరులో సిటీ ఉంది గాని మనుషులు లేరు. యురేనియం గనులు నడిచిన రోజుల్లో వేలమంది ఉన్న ఊరు, 1980ల మొదట్లో గనులు మూతపడగానే ఖాళీ అయింది. వీధులు, దీపస్తంభాలు ఉన్నాయి, చాలాచోట్ల ఇళ్ళు లేవు. 2011లో సుప్రీంకోర్టు మా జిల్లాలో ఇనుప గనుల తవ్వకం ఆపించినప్పుడు లారీలన్నీ వరుసగా నిలిచిపోయిన రోడ్లు నేను చూశాను. ఆ ఊళ్ళో టీ కాచుకుంటూ ఆ లారీలే తలుచుకున్నాను.

కొలరాడోలో హూజియర్ పాస్ అనే కనుమ ఈ దారి మొత్తానికీ ఎత్తయిన చోటు. 11,500 అడుగులకు పైన. అంతెత్తున నీళ్ళు తొంభై డిగ్రీలకే మరిగిపోతాయి, మరిగినా అన్నం ఉడకదు. పక్కన గుడారం వేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు గంట నుంచి బియ్యం ఉడికిస్తున్నారు. నేను బళ్ళారి నుంచి మోసుకొచ్చిన కుక్కరు ఎక్కించి మూడు కూతలు వేయించాను. ఆ కుర్రాళ్ళు కూత విని భయపడ్డారు గాని, పప్పన్నం చూసి ధైర్యం తెచ్చుకున్నారు.

ఆ కొండలు దిగాక ప్యూబ్లో అనే ఊరు. పెద్ద దుకాణంలో గోధుమ పడనివాళ్ళ కోసం పెట్టిన పిండ్ల అరలో జొన్నపిండి కనిపించింది! రెండు పొట్లాలు కొన్నాను. అమ్మాయి నవ్వి, "అంత ధర పెట్టి జొన్నపిండి కొన్నామని తెలిస్తే నాయన నవ్వి చచ్చేవాడు" అంది. ఆయన పోయిన తరువాత ఆమె నోట నవ్వుతో కలిసి ఆయన మాట రావడం అదే మొదటిసారి వినడం.

ప్యూబ్లో దాటాక భూమి చాప పరిచినట్టే. దారిలో చివింగ్టన్ అనే పాడుపడ్డ ఊరు వచ్చింది. అక్కడికి కొంత దూరంలో 1864 నవంబరు 29న శాండ్ క్రీక్ ఒడ్డున విడిది చేసిన షయాన్, అరాపహో జాతులవాళ్ళ మీద కర్నల్ చివింగ్టన్ సైనికులు పడి నూట యాభై మందికి పైగా చంపారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. 2007 నుంచి ఆ స్థలాన్ని స్మారకంగా కాపాడుతున్నారు. మట్టిరోడ్డు మీద నడపకూడదని మా బండి అద్దె ఒప్పందం గనక మేము వెళ్ళలేకపోయాం. చంపినవాడి పేరు ఊరికి పెట్టారు, ఆ ఊరూ మిగలలేదు. మనవడు కిటికీలోంచి చాలాసేపు అటే చూశాడు.

కాన్సస్ సరిహద్దు దాటాక మొదట వచ్చే ఊళ్ళలో ఒకటి హొరేస్, ఆ పక్కది ట్రిబ్యూను, జిల్లా పేరు గ్రీలీ. న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన హొరేస్ గ్రీలీ పేరు మూడు ముక్కలు చేసి పెట్టుకున్నారు. ఒక సంపాదకుడికి ఇంత గౌరవమా అని మన పత్రిక సంపాదకులకు చెబుదామనుకున్నాను! అక్కడ ప్రతి ఊరికీ ధాన్యం నిలవచేసే తెల్లటి గోపురం ఉంటుంది. మైళ్ళ దూరం నుంచి కనిపిస్తుంది. బండిలో పోయేవాళ్ళకు పది నిముషాలు, సైకిలు మీద వచ్చేవాళ్ళకు గంట. గంటసేపు తొక్కినా అది దగ్గరైనట్టే ఉండదట.

గోధుమ కోతలు అయిపోయాయి. రోడ్డు పక్కన మోకాలెత్తు పైరు చూసి నేను అల్లుణ్ణి బండి ఆపమన్నాను. దిగి ఆకు పట్టి చూశాను. సందేహం లేదు, జొన్న! ఎటు చూస్తే అటు జొన్న. అమెరికాలో జొన్న ఎక్కువ పండించే రాష్ట్రం కాన్సస్. వాళ్ళు మైలో అంటారు, ఎక్కువగా పశువులకు వేస్తారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో మూడు పూటలా తిన్నది అదే. "ఇది జొన్న రా, మన జొన్న" అంటే మనవడు "జొన్న, జొన్న" అని నాలుగుసార్లు పలికాడు. మా దగ్గర వాడికి తెలుగు అన్నం, నీళ్ళు, చాలు, వద్దు అనేదాకానే వచ్చు. వాడితో మాట్లాడడానికి అంతవరకు నాకు మాటలే దొరకలేదు. ఆ రోజు నుంచి ఆకు, కంకి, చొప్ప, గాలి, మబ్బు అని రోడ్డు పక్క కనబడిందల్లా అడగడం మొదలుపెట్టాడు.

ఆ జొన్నచేల మధ్యనే మా ప్రయాణం ఆగిపోయినంత పనైంది.

జులై మొదటి వారం, బళ్ళారి ఏప్రిల్ ఎండ. దక్షిణం నుంచి గాలి. మేము పోయేది తూర్పుకు గనక గాలి పక్కనుంచి కొడుతుంది. పశువుల లారీ దాటినప్పుడల్లా గాలి ఒక్కసారి ఆగి మళ్ళీ తోస్తుంది, సైకిలు పక్కకు ఈడుస్తుంది. లియోటి ఊరు దాటాక మేము ఆగిన చోటికి అమ్మాయి గంటన్నర ఆలస్యంగా వచ్చింది. గంట మోగించలేదు. సైకిలు పడేసి బండి నీడలో చతికిలబడింది. మోచెయ్యి గీసుకుపోయి ఉంది, లారీ గాలికి పడిందట. ముఖం ఎర్రగా కందిపోయి, పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"చాలు మా. సైకిలు లోపల పెట్టమను. ఇంటికి పోదాం" అంది.

అల్లుడు నా వైపు చూశాడు. "అత్తా, మీరే ఒక మాట చెప్పండి" అన్నాడు మెల్లగా. 1996లో అయితే ఆ మాట కోసమే నేను కాచుకుని ఉండేదాన్ని. పోదాం పద అనడం ఎంతో సుళువు. పోవద్దు, తొక్కు అనడానికి నేనెవరిని? తొక్కేది నేను కాదుగదా. ఆమెను లోపలికి తీసుకుపోయి తడిగుడ్డతో ముఖం, మెడ తుడిచి, చెయ్యి కడిగి కట్టుకట్టాను. పెరుగన్నం కలిపి చిన్నపిల్లకు పెట్టినట్టు ముద్దలు పెట్టాను. నాలుగో ముద్దకు నా నోటినుంచి, అనుకోకుండానే వచ్చింది: "ఆ రోజు నిన్ను బిజాపూరు పంపి ఉండాల్సింది పాపా. తప్పు చేశాను."

ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది ఆ మాటకు. ఆమె ముద్ద నములుతూ నా వైపు చూసింది. కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "బిజాపూరులో ఇంతకన్నా ఎండ మా" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మనవడు కంగారుపడి నీళ్ళ సీసా తెచ్చి ఎవరికివ్వాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు.

"ఇంటికి పోవాలన్నా పోదాం. ముందు పడుకో" అన్నాను. మూడు గంటలు ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. సాయంకాలం ఆరింటికి లేచి కిటికీలోంచి జొన్న ఆకులు చూసింది. ఆకులు ఊగడం తగ్గింది. ఒక్కమాటా మాట్లాడకుండా బూట్లు వేసుకుంది. ఆ కాలంలో అక్కడ రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది. మిగిలిన ఇరవై కిలోమీటర్లూ తొక్కి చీకటి పడకముందే స్కాట్ సిటీ చేరింది. ఊరి మొదట్లోనే గంట వినపడింది.

ఆ రాత్రి జొన్నపిండి పొట్లం విప్పాను. బండిలో ఉన్న జానెడు బల్ల మీద రొట్టె తట్టాను. కాన్సస్‌లో చాలా ఊళ్ళలో సైకిలు ప్రయాణికులను ఊరి పార్కులో పడుకోనిస్తారు. తపతప చప్పుడు విని అక్కడ గుడారాల్లో ఉన్న నలుగురైదుగురు వచ్చి తొంగిచూశారు. పల్లీల పొడి వేసి తలా ఒక రొట్టె ఇచ్చాను. ఇది మీ పొలాల్లో పండిందేనని మా మనవడే వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పాడు, చివర "జొన్న" అన్న మాట మాత్రం తెలుగులోనే.

ఆ తరువాతి దారి సులభమని కాదు. మిసోరీ గుట్టలు ఎక్కీ దిగీ ఒళ్ళు హూనం. చెస్టర్ దగ్గర వంతెన మీద మిసిసిపీ నది దాటాం. కెంటకీలో ఇంటింటి కుక్కా సైకిలు వెంటపడింది. వర్జీనియా కొండల్లో మూడు రోజులు వాన. కాని ఇంటికి పోదామనే మాట మళ్ళీ రాలేదు.

ఆగస్టు మొదట్లో యార్క్‌టౌను చేరాం. 1781లో ఇంగ్లీషు సేనాపతి కారన్‌వాలిస్ లొంగిపోయిన ఊరు అది. ఆయనే 1786లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, టిప్పు సుల్తానుతో యుద్ధం చేసి, 1792లో శ్రీరంగపట్నం ఒప్పందం రాయించుకున్నాడు. 1800లో నిజాము కంపెనీకి ఇచ్చేసిన సీమల్లో మా బళ్ళారి ఒకటి. అక్కడ ఓడినవాడు ఇక్కడికొచ్చి మన గీతలు గీశాడన్న మాట! అల్లుడికి చెబితే, "ఇన్ని మైళ్ళు వచ్చినా మీరు బళ్ళారి వదలరు అత్తా" అన్నాడు.

అమ్మాయి సైకిలు నడిపించుకుంటూ ఇసుకలోకి దిగి ముందు చక్రం నీళ్ళలో పెట్టింది. నన్ను పిలిచి గంట మోగించమంది. పెళ్ళయిన కొత్తలో సాయంత్రం వీధి మలుపులో అది మోగగానే పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. బొటనవేలితో రెండుసార్లు నొక్కాను. నాకు ఇంకేమీ మాట రాలేదు.

ఇప్పుడు నేను బళ్ళారిలోనే ఉన్నాను. ఆదివారం ఆదివారం మనవడు ఫోను చేస్తాడు. "అవ్వా, ఇక్కడ మబ్బు. అక్కడ గాలి ఉందా?" అని అడుగుతాడు. తప్పులుంటాయి, నేను దిద్దను. అడగడం మానేస్తాడేమోనని భయం.

మీ పిల్లలు ఎక్కడినుంచైనా "రా" అని పిలిస్తే మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీషు రాకపోవడం సాకులు చెప్పకుండా వెళ్ళిరండి. చెప్పుకోవలసిన మాట ఏదైనా మిగిలి ఉంటే దారిలో చోటు దొరుకుతుంది. వెళ్ళేటప్పుడు కుక్కరు మాత్రం మరిచిపోకండి.